అట్టుకో బెల్లం ముక్క

బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ దేశానికి నేను చేసిన సేవ ఒక్కటే. ఒక తెలుగు మాట నేర్పాను. ఆ మాట "అట్టు". సిత్రాలో మా షెడ్డులో పనిచేసిన పాకిస్తానీలూ, బెంగాలీలూ, నేపాలీలూ అందరూ దాన్ని పలికారు. కొందరు "అట్టూ" అని దీర్ఘం తీస్తే కూర్చోబెట్టి మరీ సరిదిద్దేవాణ్ణి. నాకు అప్పట్లో భాష మీద అంత పట్టింపు ఉండేది.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. వెళ్ళిన కొత్తలో ఇంటికి ఫోన్ చేస్తే "ఏం పనిరా?" అని అడిగారు. "కంప్యూటర్ల పని" అన్నాను. అబద్ధం కాదు. నడిపే పనా, పగలగొట్టే పనా అని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. దాంతో మా గోదావరి జిల్లాలో, మా వీధి మేరకు, నేను కంప్యూటర్ ఇంజనీరునైపోయాను. ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకు ఫోన్ చేయించేవారు. "ఒకసారి ఆపేసి మళ్ళీ వెయ్యమనండి" అనేవాణ్ణి. సగం సార్లు పనిచేసేది. మిగతా సగం నా పేరు మీద నమ్మకంతో వాళ్ళే సర్దుకునేవారు.

నిజానికి మాది పాత సామాను షెడ్డు. ఆఫీసులన్నీ పెట్టెల్లాంటి మానిటర్లు అవతల పారేసి పల్చటివి పెట్టుకుంటున్న రోజులవి. బ్యాంకుల నుంచీ, బడుల నుంచీ, అమ్వాజ్‌లో కొత్త ఫ్లాట్ల నుంచీ లారీలకు లారీలు వచ్చిపడేవి. ఇనుము ఒక పక్క, అల్యూమినియం ఒక పక్క. వైర్లు షెడ్డు వెనకాల తగలబెడితే రాగి మిగిలేది. మానిటర్ల గాజు గోడవారన కుప్పగా పెరుగుతూ ఉండేది. ఎప్పుడో ఏడాదికి ఒకటి రెండు వానలు పడితే, ఆ కుప్ప కింద నుంచి నీళ్ళు రంగురంగులుగా సముద్రం వైపు పారేవి. చూడ్డానికి బాగుందని ఫొటో కూడా తీయించుకుని ఇంటికి పంపాను.

కంప్యూటర్ల లోపలుండే పచ్చ పలకలదే అసలు పని. వాటి మీద చిప్పులు టంకంతో అతికి ఉంటాయి. గ్యాసు పొయ్యి మీద మందపాటి ఇనప పెనం పెట్టి, పలకని దాని మీద పరిచి, టంకం కరిగి మెరిసేదాకా ఆగి, పట్టుకారుతో తీసి డ్రమ్ము అంచుకి ఒక్క దెబ్బ కొడితే చిప్పులన్నీ జలజలా రాలతాయి. మొదటిసారి చూడగానే "అట్టు వేస్తున్నారేంటి వీళ్ళు" అన్నాను. ఎదురుగా ఉన్న బెంగాలీ "అట్టు?" అన్నాడు. అంతే, వారం తిరక్కుండా షెడ్డంతా "దో అట్టు ఔర్ డాలో", ఇంకో రెండు అట్లు వెయ్యి, అనడం మొదలుపెట్టింది. మా మేస్త్రీ పెషావర్ వైపు పఠాను. నవ్వడం అరుదైన మనిషి. ఆయన కూడా ఆ సీటుకి "అట్టూ డ్యూటీ" అని పేరు పెట్టేశాడు.

రెండో ఏడు నిజామాబాద్ వైపు నుంచి ఒకాయన వచ్చి చేరాడు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. గుదైబియాలో మా గదిలోనే ఆయనకి మంచం దొరికింది. సామాను విప్పితే బట్టల కంటే ముందు దుప్పట్లో చుట్టిన డోలక్ బయటికొచ్చింది. శుక్రవారాలు తెలుగు క్రైస్తవులు అద్దె హాల్లో ఆరాధన పెట్టుకునేవారు. అక్కడ డోలక్ ఆయనదే. నేను గుళ్ళకి వెళ్ళే రకం. అయితే ఆరాధన తర్వాత సంఘంవాళ్ళు పెట్టే కోడికూర భోజనం దగ్గర నాకు మతభేదాలు లేవు. వెనక కుర్చీలో కూర్చుని వంటల వాసన చూస్తూ ఉండేవాణ్ణి. ఆయన కుడిచెయ్యి డోలక్ మీద పడిందంటే నా కాలు కూడా దానంతటదే ఊగేది.

"చేతులున్నన్ని దినాలు దేవునికి కొడ్త తమ్మీ. ఇంకేం ఇయ్యనీకె నా దగ్గర ఏమున్నది?" అనేవాడు.

వచ్చిన కొత్తలో ఆయన్ని బయట ఎండలో మానిటర్లు పగలగొట్టే పనిలో వేశారు. అక్కడి జూలై ఎండ సంగతి చెప్పక్కర్లేదు. గాజు పెంకులకి వేళ్ళు తెగుతుంటే, డోలక్ ఎలా కొడతావన్నా అని నాకు దిగులుగా ఉండేది. నేను అప్పటికే అట్టు సీటు నుంచి లారీ సామాను ఏరి వేరుచేసే పనికి పెరిగాను. మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, ఈయన చేతులు సున్నితం, నా పాత సీటు ఈయనకివ్వండి అని గట్టిగా సిఫారసు చేశాను. ఒప్పుకున్నాడు. నీడ, ఫ్యాను, కూర్చుని చేసే పని. ఆ సాయంత్రం అన్న నా చెయ్యి పట్టుకుని "దేవుడు నిన్ను పంపిండు తమ్మీ" అన్నాడు. నేను కాదనలేదు.

రెండ్రోజులకే పొగకి దగ్గు మొదలైంది. నాలో వైద్యుడు నిద్ర లేచాడు. మా ఊరి రైసు మిల్లులో జట్టు కూలీలు ఊక దుమ్ము గొంతులో దిగకుండా బెల్లం ముక్క నోట్లో వేసుకునేవారు. అది చిన్నప్పుడు కళ్ళతో చూసినవాణ్ణి. దుమ్ముకి పనిచేసేది పొగకి పనిచెయ్యదా? గుదైబియా కొట్లో అచ్చు బెల్లం కొని, సుత్తితో ముక్కలు కొట్టి, పాత బిస్కట్ల డబ్బాలో పోసి పొయ్యి పక్కనే పెట్టాను.

"అట్టుకో బెల్లం ముక్క వేసుకో అన్నా. పొగ ఎంత లోపలికెళ్ళినా ఇది లాక్కొచ్చేస్తుంది."

ఆయన నమ్మాడు. ఆయన మనుషుల్ని తేలిగ్గా నమ్ముతాడు. ఒక చేత్తో పట్టుకారు, రెండో చేత్తో బెల్లం. గ్లవ్స్ ఇచ్చారు కానీ అవి వేసుకుంటే బెల్లం ముక్క అందడం లేదని నేనే తీసెయ్యమన్నాను. డబ్బా అయిపోయేలోగా మళ్ళీ నింపడం నా బాధ్యతగా పెట్టుకున్నాను. దగ్గు నిజంగానే తగ్గింది. నా హస్తవాసి మీద నాకు గురి కుదిరింది. మేస్త్రీ నన్ను "డాక్టర్" అని పిలవసాగాడు. వెటకారమని ఇప్పుడు తెలుస్తోంది.

ఏడెనిమిది నెలలు గడిచాయి. అన్నకి కడుపులో నొప్పి మొదలైంది. విరేచనం సరిగ్గా అయ్యేది కాదు, అన్నం సహించేది కాదు, మొహం పాలిపోయింది. వాము నమలమన్నాను. మజ్జిగలో ఇంగువ తాగించాను. ఆముదం కూడా పట్టించాను, పాపం. ఏదీ పనిచెయ్యకపోతే, పొగ ఎక్కువైందని బెల్లం అట్టుకి రెండు ముక్కలు చేశాను.

ఆ తర్వాత ఒక శుక్రవారం పాట మధ్యలో డోలక్ తప్పింది. నేను ఆకలి మీద ఉండి పట్టించుకోలేదు. పై వారం మళ్ళీ తప్పింది. చూస్తే ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి, లేపబోతే లేవడం లేదు. ఎడంచేత్తో దాన్ని పైకెత్తి డోలక్ మీద వేసుకుంటున్నాడు. గదికొచ్చాక టీ కప్పు పట్టుకోలేక కింద పెట్టేశాడు.

"ఏంటన్నా, పెళ్ళికూతురిలా చెయ్యి అలా వాల్చేశావ్?" అన్నాను.

నవ్వాడు. నవ్వి, ఆ చేతిని దుప్పటి కింద పెట్టుకున్నాడు. ఆ జోకు నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. అది వేసినందుకు సిగ్గుపడని రోజు లేదు.

గుదైబియాలోనే ఒక చిన్న క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరు ఉర్దూ మాట్లాడే పెద్దాయన. బయట బెంచీల మీద మలయాళీ కుటుంబాలు, పంజాబీ ఆడవాళ్ళు నిండుగా కూర్చుని ఉన్నారు, తలుపు తీసే ఉంది. డాక్టరు ఏం పని చేస్తావని అడిగాడు. అన్న నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను.

"కంప్యూటర్ కా కామ్, డాక్టర్ సాబ్."

డాక్టరు అన్న పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశాడు. పళ్ళ మొదట్లో నీలంగా సన్నటి గీత ఉంది. మళ్ళీ అడిగాడు, కంప్యూటర్ పనేనా అని. అన్న నా వైపు చూశాడు. నేను మళ్ళీ అదే చెప్పాను, ఈసారి ఇంకొంచెం గట్టిగా, బెంచీలదాకా వినపడేలా. ఆయన తలూపి రక్తం తీయించి, పెద్ద ల్యాబుకి పంపాలి, వారం పోయాక రమ్మన్నాడు.

వారం తర్వాత అన్నకి కడుపునొప్పి ఎక్కువగా ఉండి నేనొక్కణ్ణే రిపోర్టు కోసం వెళ్ళాను. కాగితం మీద ఇంగ్లీషులో లీడ్ అని ఉంది, పక్కన హై అని ఉంది. ఎన్నికల లెక్కింపులో మా అభ్యర్థి లీడ్‌లో ఉన్నాడంటే ఎంత సంతోషమో అంత సంతోషపడ్డాను. డాక్టరు మొహం మాత్రం అలా లేదు.

"ఖూన్ మే సీసా హై. బహుత్ జ్యాదా" అన్నాడు. ఎక్కడి నుంచో కడుపులోకి పోతోంది, ఎక్కడో కనుక్కో, వెంటనే ఆపించు, లేకపోతే చెయ్యి పోతుంది అన్నాడు. రేపే మనిషిని తీసుకురమ్మన్నాడు.

రక్తంలో సీసా. మా భాషలో సీసా అంటే ఏమిటో, అది కడుపులోకి ఎలా పోతుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇన్నాళ్ళు ఒకే గదిలో ఉండి, పక్క మంచం మీద పడుకుని, నాకు తెలియకుండా ఈయన తాగుతున్నాడు! వాలిపోయిన చెయ్యి, పాలిపోయిన మొహం, అన్నం సహించకపోవడం, అన్నీ ఒక్క క్షణంలో అర్థమైపోయాయి. తెలివితేటలు ఉన్నవాడికి ఇదే చిక్కు. తప్పు దారి కూడా చప్పున తోస్తుంది.

గదికొచ్చి అడిగాను.

"అన్నా, నిజం చెప్పు. సీసా పడుతోందా?"

ఆయనకి అర్థం కాలేదు. చెయ్యి ఎత్తి తాగుతున్నట్టు చూపించాను.

"నేనా? ఎప్పుడన్న నేను తాగంగ చూసినవా తమ్మీ?"

"నేను చూడలేదు. రక్తం అబద్ధం చెప్పదు కదన్నా."

మర్నాడు డాక్టరు దగ్గరికి రమ్మంటే రానన్నాడు. నన్ను తాగుబోతు అన్నోని దగ్గరికి నేనెందుకు రావాలె అన్నాడు. డాక్టరు చెప్పినట్టు ఎలాగైనా మాన్పించాలని నేను ఆయన మేలు కోరి ఇంకో పని చేశాను. శుక్రవారం ముందుగా వెళ్ళి పాస్టరు గారి చెవిలో వేశాను. ఆయన వారమంతా వ్యాను నడుపుకునే మంచి మనిషి. చాలా బాధపడి, కొన్నాళ్ళు డోలక్ ఇంకెవరైనా కొడతారులే అని అన్నకి మెల్లిగా చెప్పారు. పేరు చెప్పకుండానే అందరి చేతా ప్రార్థన చేయించారు, వ్యసనాల బంధకాల నుంచి ఒక సహోదరుడు విడుదల పొందాలని. పేరు చెప్పకపోయినా అందరూ ఆ చేతి వైపే చూశారు. అన్న కూడా కళ్ళు మూసుకుని ఆ సహోదరుడి కోసం ప్రార్థించాడు. ఆ రోజు కూడా నేను భోజనం చేసే వచ్చాను.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడ్డం తగ్గించాడు. డ్యూటీకి మాత్రం వస్తూనే ఉన్నాడు, ఎడంచేత్తో అట్లు వేస్తూనే ఉన్నాడు. నా మీద కోపం ఉన్నా నా వైద్యం మీద లేదు కాబోలు, బెల్లం మానలేదు.

రెండు వారాలకి ఒక లారీ నిండా పాత బ్యాటరీలు వచ్చాయి, కంప్యూటర్లకి కరెంటు పోయినప్పుడు వాడేవి. మేస్త్రీ దూరం నుంచి కేకేశాడు.

"డాక్టర్! సీసా అలగ్ రఖో!"

సీసాలు వేరే పెట్టమంటున్నాడు. లారీ ఎక్కి అంతా వెతికాను. ఒక్క సీసా లేదు. బోతల్ కహాఁ హై భాయ్ అని అడిగాను. ఆయన నా వైపు ఒక నిమిషం చూసి, పగిలిన బ్యాటరీలోంచి బూడిదరంగు పలక ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. చాలా బరువుంది. ఇదిరా సీసా అన్నాడు. తర్వాత గడ్డంతో పొయ్యి వైపు చూపించి, "తేరే అట్టూ మే భీ యహీ హై" అన్నాడు. నీ అట్టులో కరిగి మెరిసేదీ ఇదే.

సీసం. నేను టంకం అనుకుంటూ వచ్చిందాంట్లో సగం సీసం. దీర్ఘం ఉన్నచోట సున్నా పెట్టి ఉంటే నాకు క్లినిక్‌లోనే తెలిసి ఉండేది. షెడ్డులో అందరి దీర్ఘాలూ సరిదిద్దినవాణ్ణి, నా దీర్ఘం దగ్గర బోర్లా పడ్డాను.

పొయ్యి వైపు చూశాను. అన్న ఎడంచేత్తో పలక దించి, మసి నిండిన ఆ వేళ్ళతోనే డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నేను లారీ మీద నుంచి దూకి వెళ్ళి డబ్బా లాక్కున్నాను.

ఆ రోజే బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈసారి తలుపు తీసే ఉన్నా, బెంచీలు నిండే ఉన్నా, మేం చెత్త కంప్యూటర్లు పగలగొట్టి కాల్చేవాళ్ళం అని చెప్పాను. పొగ పీల్చడం ఒక ఎత్తు, మరి కడుపులోకి ఇంత ఎలా పోయిందని ఆయన అడిగాడు. పని మధ్యలో ఏమైనా తింటాడా అన్నాడు. నేను సంచిలోంచి బెల్లం డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. ముక్కల మీద బూడిదరంగు పొడి పేరుకుని ఉంది. చేతులు కడుక్కుని తినేవాడా అని అడిగాడు. మా షెడ్డులో కుళాయి గేటు దగ్గర ఉంటుంది. అట్టు అట్టుకీ అంత దూరం ఎవరెళ్తారు?

"కిస్ నే బతాయా యే?" అన్నాడు. ఎవరు చెప్పారు ఇది?

అన్న నా వైపు చూడకుండా, "ఊరి అలవాటు సాబ్" అని హిందీలో చెప్పాడు. నేను అప్పుడు ఏడ్చాను, అంతమంది ముందు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నా లాంటి వాణ్ణి చూసే అని ఉంటారు. ఆ మందుకి డబ్బా కూడా నేనే తెచ్చాను.

పెద్దాసుపత్రిలో చేర్చారు. రక్తంలోంచి సీసాన్ని లాగే మందు నిజంగానే ఉందట, దాన్ని సెలైన్లో ఎక్కించారు. కడుపునొప్పి పోయింది. చెయ్యి మాత్రం ఎంత లేస్తుందో చెప్పలేం, నెలలు పడుతుంది అన్నారు.

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి శుక్రవారం హాల్లో సాక్ష్యాలు చెప్పే సమయంలో నేను లేచి నిలబడ్డాను. హిందువుని, భోజనానికి వచ్చేవాణ్ణి, అందరికీ తెలుసు. సీసాకీ సీసానికీ మధ్య నేను ఎలా పడ్డానో, కంప్యూటర్ ఇంజనీరు బడాయి దగ్గర్నుంచి బెల్లం దాకా చెప్పాను. మధ్యలో నవ్వారు. నవ్వు ఆగాక పాస్టరు గారు దిగి వెళ్ళి డోలక్ తెచ్చి అన్న ఒళ్ళో పెట్టారు. అన్న ఎడంచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. కుడిచెయ్యి డోలక్ మీదే పడుకుని ఉంది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

నెల తిరక్కుండా ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. డోలక్ హాల్లోనే వదిలేశాడు. షెడ్డులో ఆ సీటులోకి కొత్తగా ఒక నేపాలీ వచ్చాడు. మేస్త్రీ అతనికి పని చూపిస్తూ, నేను పారేసిన డబ్బా లాంటిదే ఇంకొకటి ఎక్కడిదో తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. "అట్టూ కీ దవా" అన్నాడు. నా మాట, నా మందు, రెండూ నేను లేకుండానే నడుస్తున్నాయి. డబ్బా తీసి అవతల పడేసి, గేటు దగ్గర్నుంచి బకెట్టుతో నీళ్ళూ సబ్బూ తెచ్చి పెట్టాను. పొయ్యి ఆర్పించాలని కూడా అనుకున్నాను. అంత ధైర్యం చెయ్యలేదు. అక్కడున్నంత కాలం నీళ్ళు మార్చడమే నా డ్యూటీ. "డాక్టర్" అని అందరూ నవ్వేవారు. నవ్వనిచ్చాను.

అన్నకి ఫోన్ చెయ్యడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

"చెయ్యి ఎలా ఉందన్నా?"

"లేస్తాంది తమ్మీ. డోలక్ దాంక రాలే గని, నోటి దాంక వచ్చింది. నిన్నటి సంది నా చేత్తోనే బుక్క పెట్టుకుంటున్న."

ఆ పక్క నుంచి ఆయనే మళ్ళీ అన్నాడు, మెల్లిగా, నన్ను ఓదారుస్తున్నట్టు.

"కడుక్కునే తింటున్న తియ్యి. భయపడకు."